కుక్క గుర్తుపట్టిన గొంతు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా క్యాంపులో ఒక చిన్న పంచాయితీ జరిగింది. జగిత్యాల తమ్ముడు ఒకతను మనామా సూక్‌లో తొమ్మిది దీనార్లు పెట్టి కొత్త స్పీకర్ కొనుక్కొచ్చాడు. అట్టపెట్టె మీద వెయ్యి వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పాట పెట్టగానే ఇనుప మంచాలు అదిరాయి, కిటికీ అద్దం గిలగిలలాడింది. కానీ పాటలో మాట ఒక్కటీ తెలియలేదు. తూర్పు గోదావరి బాబాయ్ ఒకాయన చెవులు మూసుకుని, "ఇదేం సౌండురా నాయనా! మా ఇంట్లో పాత టూ ఇన్ వన్ దీనికంటే వంద రెట్లు నయం. బాలు గారు పాడితే పక్కన కూర్చుని పాడినట్టుండేది" అన్నారు. తమ్ముడికి కోపం వచ్చింది. "పాతదానికి గింత బేస్ ఉంటదా బాబాయ్?" అన్నాడు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆఫీసులో టైమ్‌షీట్లు రాసేవాడిని కాబట్టి నాకు అన్నీ తెలుసని మా వాళ్ళ నమ్మకం.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. వారం రోజులు అక్కడా ఇక్కడా చదివి ఇది రాస్తున్నాను. మంచి శబ్దం అంటే ఏమిటి, దానికోసం మనుషులు ఎన్ని తంటాలు పడ్డారు, ఆ కథలో మన దేశానికీ, మనం బతుకుతున్న ఈ బహ్రెయిన్‌కీ, గల్ఫ్ కూలీకీ ఉన్న చోటు ఏమిటి అన్నదే ఈ వ్యాసం. చివర్లో మీకు ఒక పని కూడా చెబుతాను. అది మాత్రం వాయిదా వేయకండి.

కుక్క బొమ్మ కథ

మనిషి గొంతును పట్టి దాచి, మళ్ళీ వినిపించిన మొదటి యంత్రం 1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ చేసిన ఫోనోగ్రాఫ్. తిరిగే గొట్టానికి చుట్టిన తగరపు రేకు మీద సూది గీతలు గీసేది. సూది మళ్ళీ ఆ గీతల మీద నడిస్తే మాట వినిపించేది. పదేళ్ళ తర్వాత 1887లో ఎమిల్ బెర్లినర్ అనే ఆయన గొట్టానికి బదులు పళ్ళెం లాంటి బిళ్ళను తెచ్చాడు. అదే గ్రామఫోన్. మన తాతలు 'ప్లేటు' అన్నది ఆ బిళ్ళనే.

గ్రామఫోన్ బాకా ముందు చెవి వంచి కూర్చున్న కుక్క బొమ్మ మనలో చాలామంది చూసిందే. ఆ కుక్క నిజంగా ఉండేది. పేరు నిప్పర్. ఇంగ్లాండులో ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడి అన్నది. అన్న చనిపోయాక తమ్ముడి దగ్గరకు చేరింది. యంత్రంలో నుంచి వచ్చే మాటను ఆ కుక్క వింటున్నట్టు ఆయన బొమ్మ వేశాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ దాన్ని కొన్నది. బొమ్మ పేరు 'హిజ్ మాస్టర్స్ వాయిస్', అంటే యజమాని గొంతు. హెచ్.ఎం.వి. అంటే అదే.

ఆ బొమ్మలో ఉన్న సంగతి చూడండి. గొంతు ఎంత పెద్దగా వచ్చింది, గోడలు అదిరాయా లేదా అన్నది అక్కడ లెక్క కాదు. కుక్క తన యజమాని గొంతును గుర్తుపట్టింది. అంతే. మనం హై ఫై అంటామే, దాని పూర్తి మాట హై ఫిడెలిటీ. ఫిడెలిటీ అంటే విశ్వాసం. మూల శబ్దానికి యంత్రం ఎంత విశ్వాసంగా ఉందన్నదే అసలు పరీక్ష. విశ్వాసానికి కుక్కను మించిన సాక్షి ఎవరున్నారు?

లక్క ప్లేట్లు, మూడు నిమిషాల పాట

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ మనుషులు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ అనే గాయని పాటలు రికార్డు చేశారు. ప్లేట్లు జర్మనీలో తయారై వచ్చేవి. అక్కడి పనివాళ్ళు ఎవరి ప్లేటో పోల్చుకోవాలి కదా, అందుకని పాట చివర ఆమె తన పేరు తానే చెప్పేది. 1908లో కలకత్తా సియాల్దాలోనే ప్లేట్ల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ ప్లేట్లకు కావలసిన ముఖ్యమైన సరుకు లక్క. మోదుగ, కుసుమ లాంటి చెట్ల మీద బతికే పురుగు నుంచి వచ్చే లక్క. ప్రపంచంలో ఎవరి పాటైనా మొదటి యాభై ఏళ్ళు ఎక్కువగా లక్క ప్లేటు మీదనే మోగింది. ఆ లక్కలో పెద్ద భాగం మన దేశపు అడవుల్లో గిరిజనులు ఏరినదే. పాట ఎవరిదైనా, దాని కింద కూలివాడి చెమట ఉంటుంది.

మొదట్లో మైకు లేదు. గాయకుడు బాకాలో తల పెట్టినట్టు నిలబడి గట్టిగా అరిచి పాడాలి. మనిషి చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు వినగలదు. బాకా పట్టింది సుమారు 250 నుంచి 2,500 వరకే. కాబట్టి మృదంగం గుంభనం, తాళాల గలగల రెండూ పోయేవి. మధ్యలో ఉన్న గొంతు మాత్రం ముక్కుతో పాడినట్టు వచ్చేది. 1925లో మైకు, కరెంటు వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది.

ఇంకో చిక్కు సమయం. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ సుమారు మూడు నిమిషాలకే అయిపోయేది. మన పౌరాణిక నాటకాల్లో ఒక్క పద్యానికి నటుడు పావుగంట రాగం తీస్తే, జనం 'వన్స్ మోర్' అంటే మళ్ళీ తీసే రోజులవి. అలాంటి పద్యాన్ని మూడు నిమిషాల్లో ఇమడ్చాల్సి వచ్చింది. ఈ కాలంలోనూ సినిమా పాట నాలుగైదు నిమిషాలు దాటకపోవడానికి ఆ పాత ప్లేటు కొలత కూడా ఒక కారణం.

అదే కాలంలో బహ్రెయిన్‌లో

మనం ఈ దేశానికి వచ్చి సిమెంటూ ఇనుమూ చూస్తున్నాం కానీ, ఈ ద్వీపం ఒకప్పుడు ముత్యాల మీద బతికింది. ఎండాకాలం నాలుగు నెలలు పడవల మీద, సముద్రంలో. మునిగేవాళ్ళు, తాడు లాగేవాళ్ళు, వంటవాళ్ళు అందరూ అప్పుల్లో ఉన్న కూలీలే. ఇల్లు వదిలి, ఒకే చోట ఇరుకుగా పడుకుని, సీజను అయ్యాక లెక్క చూసుకుంటే అప్పే మిగిలేది. మనకు కొత్త కథ కాదు.

ఆ పడవల మీద పాటలు పాడటానికే ఒక మనిషిని పెట్టుకునేవారు. అతన్ని నహ్హామ్ అంటారు. ఒడ్డుకు వచ్చాక ముహర్రక్ లాంటి ఊళ్ళలో ఒకచోట చేరి అవే పాటలు రాత్రంతా పాడుకునేవారు. ఆ పాటకు ఫిజ్రీ అని పేరు. వాయిద్యాలు రెండు వైపులా వాయించే చిన్న డోలు, వేలి తాళాలు, ఇంకా నీళ్ళ కుండ. మన ఘటం లాగా మట్టి కుండనే వాయిస్తారు. నహ్హామ్ పైస్థాయిలో పాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు గొంతు బాగా కిందకు దించి, సముద్రం లోపల నుంచి వచ్చినట్టు ఒక హుంకారం చేస్తారు. ఈ హుంకారాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

ఇక్కడిదే ఇంకో సంగీతం సవ్త్. అరబ్బీలో ఆ మాటకు అర్థం గొంతు, ధ్వని అని. ఊద్ వాయిస్తూ పాడతారు. ముహర్రక్‌కు చెందిన ముహమ్మద్ బిన్ ఫారిస్ (1895-1947) ఈ పాటకు పెద్ద పేరు. ఈయన కొంత విద్య మన బొంబాయిలోనే నేర్చుకున్నాడని చెబుతారు. ఇక్కడ రికార్డింగ్ వసతి లేక ఆ తరం గాయకులు బాగ్దాద్ దాకా వెళ్ళి ప్లేట్లు ఇచ్చి వచ్చారు. ముహర్రక్‌లో ఆయన ఇంటిని సవ్త్ సంగీతానికి గుర్తుగా కాపాడారు.

1932లో ఇక్కడ జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. అదే ఏడు మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైంది. జపాన్ వాళ్ళు పెంచిన ముత్యాలు మార్కెట్లోకి వచ్చి అప్పటికే ఇక్కడి ముత్యాల వ్యాపారం కూలుతున్నది. మునిగేవాళ్ళు ఒక్కొక్కరే ఆయిల్ కంపెనీ పనిలోకి మారారు. 1940లో యుద్ధ కాలంలో రేడియో వచ్చింది, 1955లో బహ్రెయిన్ సొంత ప్రసారాలు మొదలయ్యాయి. పడవలు ఆగిపోతే పడవ పాట కూడా ఆగిపోవాలి కదా. పూర్తిగా ఆగలేదు. కారణాల్లో ఒకటి టేప్ రికార్డర్.

1950ల చివర, 1960ల మొదట్లో పౌల్ రోవ్సింగ్ ఓల్సెన్ అనే డెన్మార్క్ సంగీతకారుడు ఈ ద్వీపానికి టేప్ రికార్డర్ మోసుకుని వచ్చాడు. ముసలివాళ్ళైన పాత ముత్యాల కూలీలను కూర్చోబెట్టి పాడించి రికార్డు చేశాడు. ఆయన 1982లో చనిపోయాడు. బహ్రెయిన్ సంగీతం మీద ఆయన రాసిన పుస్తకం, ఆ పాటలతో కలిపి, 2002లో బయటకు వచ్చింది. 2021లో యునెస్కో ఫిజ్రీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఎవరూ లెక్కచేయని కూలీల గొంతులు, ఒక మనిషి సమయానికి వచ్చి మీట నొక్కడం వల్ల మిగిలాయి.

ఇద్దరు మనుషులు, రెండు చిక్కులు

1948లో అమెరికాలో ఎల్.పి. రికార్డు వచ్చింది. లక్కకు బదులు వినైల్ ప్లాస్టిక్. నిమిషానికి 33 చుట్లు, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాట, గరగర చాలా తక్కువ. 1958 నాటికి స్టీరియో ప్లేట్లు అంగడికి వచ్చాయి. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, రెండు దారుల్లో శబ్దం. 1974లో కన్నుమూసిన ఘంటసాల గారు చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను ఎల్.పి. కాలంలోనే మన ఊళ్ళు విన్నాయి.

ప్లేటు బాగుపడింది. కానీ ఇంట్లో స్పీకర్ మాటేమిటి? ఇక్కడ అమర్ బోస్ కథ చెప్పాలి. ఆయన తండ్రి నోని గోపాల్ బోస్ బెంగాల్ స్వాతంత్ర్య యోధుడు. బ్రిటిష్ వాళ్ళ బాధ పడలేక అమెరికా వెళ్ళిపోయాడు. కొడుకు అమర్ చిన్నప్పుడే రేడియోలు బాగుచేసి ఇంటికి ఆసరా అయ్యాడు. ఎం.ఐ.టి.లో చదివి అక్కడే పంతులు అయ్యాడు. 1956లో మంచి స్టీరియో కొనుక్కుని ఇంటికి తెచ్చి వింటే, కాగితం మీద రాసిన లెక్కలన్నీ బాగున్నాయి, చెవికి మాత్రం సంగీతం బాగాలేదు. ఎందుకని వెతికాడు. కచేరీ హాల్లో మనకు వినిపించే శబ్దంలో ఎక్కువ భాగం గోడలకు, పైకప్పుకు తగిలి తిరిగి వచ్చేదే. ఇంట్లో స్పీకర్ మాత్రం తిన్నగా మొహం మీదకు కొడుతుంది. 1964లో కంపెనీ పెట్టి, 1968లో ఒక స్పీకర్ తెచ్చాడు. అందులో తొమ్మిది చిన్న స్పీకర్లు. ఒకటి మన వైపు, ఎనిమిది గోడ వైపు! అందరూ ఒప్పుకున్నారని కాదు, ఆ వాదన ఆ రోజుల్లో బాగానే నడిచింది. కానీ గది కూడా వాయిద్యమే అన్న మాట నిలబడింది.

రెండో మనిషి రే డాల్బీ, అమెరికన్. 1963 నుంచి 1965 వరకు యునెస్కో తరఫున మన చండీగఢ్‌లో ప్రభుత్వ పరికరాల సంస్థలో సలహాదారుగా పనిచేశాడు. టేపులో పాట వెనక వచ్చే 'ఉస్స్' మనే చప్పుడును ఎలా తగ్గించాలన్న ఆలోచన ఆయనకు అక్కడే కుదిరిందని అంటారు. 1965లో లండన్ వెళ్ళి కంపెనీ పెట్టాడు. ఉపాయం తేలికే. రికార్డు చేసేటప్పుడు మెల్లగా ఉండే సన్నని శబ్దాలను కాస్త పెంచి టేపు మీద రాయాలి. వినేటప్పుడు అంతే తగ్గించాలి. పాట తన స్థాయికి తాను వస్తుంది, దానితో పాటు టేపు చప్పుడు కూడా తగ్గిపోతుంది. 1968లో ఇళ్ళలో వాడే మిషన్లకూ ఈ పద్ధతి వచ్చింది. పాత డెక్కుల మీద 'డాల్బీ' అన్న మీట చూసి ఉంటారు, అది ఇదే.

టూ ఇన్ వన్ రాజ్యం

ఆ చప్పుడు అంత పెద్ద సమస్య కావడానికి కారణం క్యాసెట్. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ దీన్ని బయటపెట్టింది. మొదట అది సంగీతం కోసం కాదు, ఆఫీసుల్లో మాట రికార్డు చేసుకోవడానికి. స్టూడియోలో వెడల్పాటి టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు నడిస్తే, క్యాసెట్‌లో నాలుగు మిల్లీమీటర్ల లోపు వెడల్పున్న రీలు ఐదు సెంటీమీటర్లు కూడా నడవదు. వేగం ఎనిమిదో వంతు. అంత ఇరుకులో పాట పట్టాలంటే చప్పుడు తప్పదు. నాణ్యత లెక్కన చూస్తే మంచి ఎల్.పి. ముందు క్యాసెట్ నిలబడదు.

అయినా గెలిచింది క్యాసెట్టే. ఎందుకంటే ప్లేటు మీద మనం పాడలేం. క్యాసెట్ మీద పాడగలం.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో పనులు పుట్టాయి. మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి జనం కదిలారు. సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు భుజాన వేలాడేది రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్. నేషనల్ పానసోనిక్, సోనీ, షార్ప్, సాన్యో, ఐవా. మన దేశంలో దిగుమతుల మీద కట్టడి ఉన్న రోజులు. ఊరికి ఒక్కటి వచ్చినా వాడకట్టు మొత్తం ఆ ఇంటి అరుగు మీద చేరేది. అది పాటల పెట్టె మాత్రమే కాదు, మా వంటి ఇళ్ళకు అదే ఉత్తరం.

ఇది నా సొంత సంగతి. మా బాపు 1990లలో ఈ బహ్రెయిన్‌లోనే మేస్త్రీ పని చేశాడు. మా బాపమ్మకు చదువు రాదు. ఉత్తరం వస్తే ఎవరితోనో చదివించుకోవాలి, మనసులో మాట ఎవరి ముందో చెప్పి రాయించుకోవాలి. ఐఎస్‌డీ ఫోను నిమిషం లెక్కన డబ్బులు తాగేది. పైగా టెలిఫోను తీగ పట్టేది సుమారు 300 నుంచి 3,400 కంపనాల వరకే. గొంతు సగం పోయి, ఎవరిదో లాగా వినిపించేది. అందుకే క్యాసెట్. ఊరికి వచ్చే వాళ్ళతో బాపు పంపేవాడు. విన్నాక అదే క్యాసెట్ మీద బాపమ్మ జవాబు చెప్పేది. ఇక్కడికి ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళం. ఒకటే క్యాసెట్, పొదుపు. దానివల్ల ప్రతి ఉత్తరం పాత ఉత్తరాన్ని తుడిచేసేది. అప్పుడు మాకు ఆ ఆలోచన రాలేదు.

2001లో బాపమ్మ పోయింది. బాపుకు సెలవు దొరకలేదు. మరుసటి ఏడు వచ్చినప్పుడు బ్యాగులో ఆఖరి క్యాసెట్ తెచ్చాడు. దాని మీద తుడిచిపెట్టకుండా, వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను విరిచాడు. ఆ పలుకులు విరిగితే రికార్డు మీట నొక్కుకోదు. ఒక వైపు ముప్పై నిమిషాలూ బాపమ్మే. క్షేమం అడగడం, బర్రె ఈనిన సంగతి, చివర్లో ఒక బతుకమ్మ పాట.

నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. రేడియోలో కొత్త సినిమా పాటలు వస్తున్నాయి, ఖాళీ క్యాసెట్ లేదు. విరిగిన చోట టేపు ముక్క అంటిస్తే మళ్ళీ రికార్డు అవుతుందని స్నేహితుడు చెప్పాడు. అంటించాను. నాలుగు పాటలు రికార్డు చేసుకున్నాను. నేను తీసింది ఏ క్యాసెటో సాయంత్రం బాపు పెట్టినప్పుడు గానీ తెలియలేదు. నాలుగో పాట అయిపోయి, మధ్యలో నుంచి బాపమ్మ గొంతు వచ్చింది. మిగిలింది ఏడు నిమిషాలు. బాపు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఏడు నిమిషాలు విని, "ఉన్నదిలే. పాట ఉన్నది" అని క్యాసెట్ తీసి పెట్టెలో పెట్టాడు. కొడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అంకెల కాలం

1982 అక్టోబరులో జపాన్‌లో సీడీ వచ్చింది. ఇందులో సూది లేదు, అరుగుదల లేదు. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. నిమిషం పాటకు సుమారు పది ఎంబీలు. కొలతల్లో మనిషి చెవికి కావలసినంత ఉంది.

కానీ అప్పటి కంప్యూటర్లకు, ఇంటర్నెట్‌కు ఆ బరువు ఎక్కువ. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ వాళ్ళు ఎంపీ3 తయారుచేశారు. 1995లో ఆ పేరు ఖాయమైంది. దీని కిటుకు మన చెవి బలహీనత. డప్పు మోగిన క్షణంలో పక్కన ఉన్న మెల్లని శబ్దం మనకు ఎలాగూ వినపడదు. వినపడనిది దాచడం ఎందుకు అని దాన్ని తీసేస్తారు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటే, సాధారణ ఎంపీ3లో 128. పదకొండో వంతు. 2000ల మొదట్లో సూక్‌లో ఒకే సీడీలో నూట యాభై పాటలు అమ్మేవారని గుర్తుందా, అది ఈ పద్ధతి వల్లే. 320 కిలోబిట్లలో చేస్తే తేడా పట్టడం చాలామందికి కష్టం. 128 కంటే తగ్గించి, మళ్ళీ మళ్ళీ కాపీకి కాపీ చేస్తూ పోతే తాళాలు ఇసుక రాలినట్టు, గొంతు నీళ్ళలో నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. వాట్సాప్‌లో పది చేతులు మారిన పాట బాగుండకపోవడానికి కారణం ఇదే.

ఇక తమ్ముడి స్పీకర్

వెయ్యి వాట్ల సంగతి. ఆ పెట్టె అడుగున లేదా అడాప్టర్ మీద చిన్న అక్షరాలు చూడండి. మేము చూస్తే 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే 24 వాట్లు. లోపలికి 24 వాట్లు పోతుంటే బయటకు వెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద అక్షరాల అంకె పక్కన పీ.ఎం.పీ.ఓ. అని ఉంటే అది అంగడి లెక్క. ఆర్.ఎం.ఎస్. అని రాసిన వాట్లు నమ్మదగినవి.

బేస్ కూడా అంతే. లోతైన శబ్దానికి ఎక్కువ గాలి కదలాలి, దానికి పెద్ద స్పీకర్ కావాలి. ఇందాక గుర్తుంచుకోమన్న ఫిజ్రీ హుంకారాన్ని ఫోన్‌లో పెట్టి వినండి, దాదాపు మాయమవుతుంది. అదే మామూలు ఇయర్‌ఫోన్‌లో వినండి, ఒళ్ళు జలదరిస్తుంది. చిన్న పెట్టెలో బేస్ ఎక్కువ ఉన్నట్టు చూపించడానికి ఒకే స్థాయిలో దబదబ పెంచుతారు. అది గొంతును మింగేస్తుంది. అందుకే పాట మాట తెలియలేదు. బాబాయ్ చెప్పిన టూ ఇన్ వన్‌కు బేస్ తక్కువే, చప్పుడూ ఉంటుంది. కానీ మనిషి గొంతు ఉండే మధ్య స్థాయిని అది ఉన్నది ఉన్నట్టు పలికేది. ఇద్దరిలో బాబాయ్‌దే గెలుపు.

అయితే తమ్ముడి డబ్బులు పూర్తిగా వృథా కాలేదు. స్పీకర్‌ను ఇనుప మంచం మీద నుంచి తీసి, గది మూల నుంచి రెండడుగులు ఇవతలకు జరిపి, కింద మడిచిన తువ్వాలు వేసి బల్ల మీద పెట్టాం. ఫోన్‌లో బేస్ తగ్గించాం. ఎదురు గోడకు దుప్పటి వేలాడదీశాం. గోడా మూలా బేస్‌ను పెంచుతాయి, ఇనుము అదురుతుంది, ఉత్త గోడ ప్రతిధ్వనిస్తుంది. అంతే మర్మం. పైసా ఖర్చు లేకుండా మాట తెలిసింది. ఇంకొక్కటి. చెవికి వారానికి 80 డెసిబెల్ స్థాయిలో నలభై గంటలే భద్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సైట్లో రోజంతా డ్రిల్లింగ్ చప్పుడు వినే మనం మళ్ళీ రాత్రి ఇయర్‌ఫోన్ పూర్తి సౌండు పెట్టుకుంటే, వయసు మళ్ళక ముందే పోయేది చెవే. నైట్ షిఫ్ట్ చేసి పడుకున్న పక్క గది వాళ్ళనూ కొంచెం తలుచుకోండి.

మీకు చెప్పిన పని

ఇప్పుడు చివర చెబుతానన్న పని. మీ ఇంట్లో పాత పెట్టెలో, అటక మీద, బీరువా అడుగున క్యాసెట్లు ఉన్నాయేమో ఫోన్ చేసి అడగండి. మీ నాన్న గల్ఫ్ నుంచి పంపిన మాటలు, అమ్మమ్మ పాట, పెళ్ళిలో చేసిన రికార్డింగ్. టేపుకు ఆయుష్షు శాశ్వతం కాదు. ఇరవై ముప్పై ఏళ్ళకు రీలు మీది పొడి రాలడం మొదలవుతుంది. మన ఉక్కపోతకు బూజు పడుతుంది. వినిపించే మిషన్లు కూడా తగ్గిపోతున్నాయి.

ముందుగా వెనక పలుకులు విరవండి. విరిగిన చోట టేపు ముక్క అంటించి ఉంటే తీసేయండి. తెల్లటి బూజు కనిపిస్తే నడపవద్దు, తెలిసినవాళ్ళకు చూపించండి. బాగుంటే, రీలు మింగని మంచి ప్లేయర్ అరువు తెచ్చుకుని, దాని హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ముందు పనికిరాని క్యాసెట్ వేసి పరీక్షించండి. ఆ తర్వాత ఇయర్‌ఫోన్ సందు నుంచి వైరుతో కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేయించండి. ఎంపీ3 కాదు, మొదటి కాపీ డబ్ల్యూ.ఏ.వీ.లో చేయమనండి. చప్పుడు తీసేస్తామని ఎవరైనా అంటే, ముడి కాపీ ఒకటి అలాగే ఉంచమనండి. చప్పుడుతో పాటు గొంతు కూడా పోవచ్చు. రెండు మూడు చోట్ల దాచండి.

క్యాసెట్ లేని చిన్నవాళ్ళకు కూడా ఇదే మాట. 2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. అమ్మ పంపిన 'తిన్నవా బిడ్డా' అన్న మెసేజ్‌లు మీ ఫోన్‌లో వందలు ఉంటాయి. ఫోన్ నిండిందని, కొత్త ఫోన్ కొన్నామని ఒక్క నొక్కుతో తుడిచేస్తాం. బాపమ్మ క్యాసెట్ మీద నేను చేసింది కూడా అలాంటిదే. నాలుగైదైనా వేరే చోట దాచుకోండి.

పోయిన సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ క్యాసెట్ కాపీ చేయించాను. ఏడు నిమిషాలు. లక్షణాల లెక్కన చూస్తే చాలా చెడ్డ రికార్డింగ్. వెనక ఉస్స్‌మని చప్పుడు, కోడి అరుపు, ఎవరో బోరింగు కొడుతున్న మోత, మిషను మోటారు గుర్రు. గొంతు ఒకచోట సాగుతుంది, ఒకచోట మునుగుతుంది. బాపుకు ఇప్పుడు చెవి సరిగ్గా వినపడదు. ఇయర్‌ఫోన్ పెట్టి ప్లే నొక్కాను. "కొడుకా, మంచిగున్నవా? బువ్వ తింటున్నవా?" అని మొదలైంది.

బాపు తల కాస్త పక్కకు వంచాడు. ఏడు నిమిషాలూ కదలలేదు. అయిపోయాక ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "గదే గొంతు. మా అవ్వే" అన్నాడు. కాసేపాగి, "ఇంకోపారి పెట్టు" అన్నాడు.